మొదటి ఖాళీ చుట్టు

ఉదయం ఎనిమిది గంటలకు, టికెట్ కిటికీలు తెరవడానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉండగానే, మా పార్కులోని రోలర్ కోస్టర్ బండి ప్రతిరోజూ ఒకసారి మనిషి లేకుండా బయలుదేరేది. పన్నెండు సీట్ల ఆ బండి స్టేషను వదిలి, గొలుసు పట్టు అందగానే చిన్నగా కుదిపి, టకటకమని చప్పుడు చేస్తూ ఏటవాలు ఎక్కి, శిఖరం మీద ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, అవతలి వైపుకు జారిపోయేది. జనం ఉన్నప్పుడు ఆ బండి వెంట కేకలే వినిపిస్తాయి. ఖాళీగా వెళ్ళినప్పుడు మాత్రం చక్రాలు పట్టాలను ఒరుసుకునే శబ్దం, మలుపుల దగ్గర స్తంభాలు సన్నగా మూలిగే శబ్దం, చివర బ్రేకులు పట్టినప్పుడు గాలి బుస్సుమని వదిలే శబ్దం విడివిడిగా చెవికి అందుతాయి. ఆ చుట్టు వినడం కోసమే నడిచేది. మా మేస్త్రి గారు ఆ రెండు నిమిషాలూ ప్లాట్‌ఫారం మీద ఎవరినీ పెదవి విప్పనిచ్చేవారు కాదు. 1999 వేసవి నుంచి 2005 చివరి వరకు హైదరాబాదు శివారులోని ఒక పార్కులో నేను పనిచేశాను. ఆ ఉద్యోగం గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తుకు వచ్చేది జనం కిటకిటలాడే ఆదివారం కాదు, ఆ ఖాళీ చుట్టే.

అంతకు చాలా ముందే, నాంపల్లి నుమాయిష్‌లో, నా దృష్టి ఈ యంత్రాల మీదికి మళ్ళింది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించి, 1946లో నాంపల్లి మైదానానికి మార్చిన ఆ ఎగ్జిబిషన్ మా ఇంట్లో సంక్రాంతికి సమానమైన పండుగ. జనవరి మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి నడుమ వరకు సాగే ఆ రోజుల్లో ఒక ఆదివారం బాపు మమ్మల్ని తప్పకుండా తీసుకువెళ్ళేవారు. అమ్మ కశ్మీరీ శాలువల దుకాణాల ముందు, చెల్లెలు గాజుల ముందు ఆగిపోతే, నేను జెయింట్ వీల్ చుట్టూ కట్టిన కంచె పట్టుకొని నిలబడేవాణ్ణి. చక్రం ఎక్కాలన్న కోరిక కంటే దానిని నడిపే మనిషిని చూడాలన్న కోరిక నాలో బలంగా ఉండేది. అతను వరుసలో ముందున్న వాళ్ళను పక్కపక్క డబ్బాల్లో ఎక్కించేవాడు కాదు. ఒక డబ్బా నింపి, చక్రాన్ని సగం తిప్పి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న డబ్బా నింపేవాడు. అలా ఎందుకు చేస్తున్నాడని బాపును అడిగితే, తనకు తెలియదనీ, తెలిసినవాడు ఎదురుగానే ఉన్నాడు కనుక అతన్నే అడగమనీ అన్నారు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు దాదాపు పన్నెండేళ్ళ తరవాత, అదే పని నా చేతికి వచ్చిన రోజున దొరికింది.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి పని కోసం తిరుగుతున్న రోజుల్లో పత్రికలో రెండు వరుసల ప్రకటన చూసి ఆ పార్కుకు వెళ్ళాను. మమ్మల్ని పరీక్షించింది మేనేజరు కాదు, అరవైకి దగ్గరపడిన మేస్త్రి గారు. ఆయనది పాలమూరు. కుర్రతనంలో జాతర్లకు తిరిగే రంగులరాట్నాల వాళ్ళతో చేరి, ఆ తరవాత ఢిల్లీ వెళ్ళి, 1984లో తెరిచిన అప్పు ఘర్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. 1982 ఏషియాడ్ క్రీడల గుర్తు అయిన ఏనుగుపిల్ల పేరు ఆ పార్కుకు పెట్టారని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఆయన నన్ను సర్టిఫికెట్టు అడగలేదు. నడుస్తున్న ఒక పంపు దగ్గరికి తీసుకుపోయి, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి చేతికిచ్చి, దాని మొనను బేరింగు మీద ఆనించి పిడిని చెవి వెనక ఎముకకు తాకించమన్నారు. "చెవి పెట్టి ఇను బిడ్డా, ఏం ఇనవడ్తదో జెప్పు" అన్నారు. స్టవ్వు మీద పాలు పొంగడానికి ముందు వచ్చే సవ్వడిలాగా ఉందని చెప్పాను. పక్క పంపు దగ్గర అదే పని చేయించారు. అందులో ఎవరో ఇసుక నములుతున్నట్టుగా ఉందన్నాను. మరుసటి రోజు నుంచి పనికి రమ్మన్నారు. ఆ రెండో పంపు బేరింగును ఆ వారంలోనే మార్చాము, విప్పిన బేరింగులో గుండ్ల మీద పడిన గుంటలను ఆయన నా వేలితో తడిమించి చూపించారు.

రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదన్న సంగతి ఎంతోమంది సందర్శకులకు తెలియదు. గొలుసు దానిని మొదటి శిఖరం దాకా లాగి వదిలేస్తుంది, ఆ పైన అంతా ఎత్తు నుంచి సంపాదించుకున్న వేగమే. అందుకే తరవాత వచ్చే ఏ గుట్టా మొదటిదానికంటే ఎత్తుగా ఉండదు. ఎక్కేటప్పుడు గుండెలు అదిరేలా వినిపించే టకటక శబ్దం గొలుసుది కాదు. పట్టాల నడుమ మెట్లుమెట్లుగా ఉన్న ఇనుప పళ్ళ మీద బండికి అమర్చిన నాలుక ఒక్కొక్కటిగా పడుతూ వెళ్ళే శబ్దం అది. గొలుసు తెగినా, కరెంటు పోయినా బండి వెనక్కి జారకుండా ఆ నాలుకే ఆపుతుంది. జనం భయపడే శబ్దమే వాళ్ళను కాపాడుతున్న శబ్దమని నేను పక్కన కూర్చున్న ప్రతి పిల్లవాడికీ చెప్పేవాణ్ణి. చక్రాలు కూడా మూడు రకాలు. పట్టా పైన దొర్లేవి, పక్క నుంచి ఒత్తి పట్టుకునేవి, పట్టాకు అడుగున ఉండి బండిని పైకి లేవనీయకుండా చూసేవి. ఉదయపు తనిఖీలో మేము ఎక్కువ సమయం పెట్టేది ఆ అడుగు చక్రాల దగ్గరే, ఎందుకంటే అవి నిలబడ్డ మనిషి కంటికి కనిపించవు. టార్చి పట్టుకొని వెల్లకిలా పడుకొని, ఒక్కొక్క చక్రాన్ని చేత్తో తిప్పి, బోల్టు మీద గీసిన పెయింటు గీత, పక్కన ఫ్రేము మీది గీత ఇంకా ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసేవాళ్ళం. గీతలు తప్పాయంటే బోల్టు కదిలిందని అర్థం.

ఖాళీ చుట్టు తరవాత ఇసుక బస్తాలతో ఒక చుట్టు, ఆ తరవాత మాలో ఇద్దరు కూర్చొని ఒక చుట్టు తిరిగేవాళ్ళం. శీతాకాలం ఉదయాల్లో గ్రీజు చిక్కబడి, చక్రాల రబ్బరు బిగుసుకొని, బండి మందకొడిగా నడిచేది. మధ్యాహ్నానికి అవి వేడెక్కి అదే బండి అదే దారిలో స్పష్టంగా తేడా తెలిసేంత వేగం పుంజుకునేది. కనుక వేగం కోరేవాళ్ళు సాయంత్రం ఎక్కాలి, మొదటిసారి ఎక్కే పిల్లలను ఉదయాన్నే ఎక్కించాలి. సీటు విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. ముందు వరుసలో కూర్చుంటే ఎదురుగా ఏ అడ్డూ లేక దృశ్యం బాగుంటుంది కానీ, శిఖరం దాటేటప్పుడు వెనక పెట్టెల బరువు ముందు పెట్టెను కొంతసేపు పట్టి ఉంచుతుంది. వెనక వరుస శిఖరానికి చేరేసరికి ముందు పెట్టెలు అప్పటికే దిగుతూ ఉంటాయి కనుక దానిని ఒక్క ఊపున లాగేస్తాయి, సీటు మీది నుంచి మనిషి తేలినట్టు అయ్యేది అక్కడే. ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగే కొలంబస్ ఓడలో లెక్క వేరు. రెండు కొనలూ ఎక్కువ ఎత్తుకు లేస్తాయి, నడుమ వరుసలు అన్నిటికంటే నెమ్మదిగా ఉంటాయి. కడుపులో తిప్పుతుందని భయపడే పెద్దవాళ్ళను మేము అడక్కుండానే నడుమ కూర్చోబెట్టేవాళ్ళం. డాషింగ్ కార్లలో కరెంటు పైకప్పు జాలి నుంచి కారు వెనక స్తంభం మీదుగా దిగి, ఇనుప నేల ద్వారా తిరిగి వెళుతుంది. సమయం అయిపోగానే మొత్తం ఒకేసారి ఆపుతాము కానీ, ఊపు మీద ఉన్న కార్లు ఇంకొంచెం జరుగుతాయి. అక్కడ దెబ్బలు తగిలేది ఆట నడుస్తున్నప్పుడు కాదు, ఆగిందనుకొని తొందరపడి దిగినప్పుడు.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర జరిగే వాదనలను గురించి ఎంత చెప్పినా తక్కువే. పిల్లల చెప్పుల్లో మడిచిన కాగితాలు పెట్టి తెచ్చేవాళ్ళు, జుట్టును నడినెత్తిన ముడివేసి తెచ్చేవాళ్ళు, మునివేళ్ళ మీద నిలబడమని వెనక నుంచి సైగ చేసేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. నిజామాబాదు నుంచో ఖమ్మం నుంచో తెల్లవారుజామున బయలుదేరి, ఏడాదికొక్కసారి పిల్లల కోరిక తీర్చడానికి వచ్చిన తండ్రికి ఒక అంగుళం తక్కువైందని చెబితే మనసుకు కష్టంగానే ఉంటుంది. నేను చేరిన మూడో నెలలో అలాంటి ఒక తండ్రి బతిమాలితే నా మనసు కరిగింది. ఆయన పక్కనే, ఆయన చేయి పట్టుకొనే కూర్చుంటాడు కదా అనుకొని ఆ పిల్లవాణ్ణి ఎక్కించి, ఒళ్ళో అడ్డంగా పడే కడ్డీ దించాను. బండి కదలక ముందే మేస్త్రి గారు ఎక్కడి నుంచి చూశారో గాని వచ్చి ఎర్ర బటను నొక్కి, తాను స్వయంగా పిల్లవాణ్ణి ఎత్తుకొని దించి, వాడికి రంగులరాట్నం దగ్గర గుర్రం మీద రెండు ఆటలు ఆడించి పంపించారు. నన్ను ఎవరి ముందూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం గేట్లు మూసిన తరవాత ఆయన నన్ను అదే సీటులో కూర్చోబెట్టి, పక్కన ఒక చిన్న ఇసుక మూటను పెట్టి, కడ్డీ దించారు. ఇద్దరికీ కలిపి ఒకటే కడ్డీ. అది నా తొడల మీదికి వచ్చి ఆగిపోయింది. పక్కనున్న మూటకూ కడ్డీకీ మధ్య నా రెండు పిడికిళ్ళూ పట్టేంత ఖాళీ మిగిలింది. "తండ్రి లావును బట్టి కడ్డీ ఆగుతది, పిల్లగాని సన్నదనం దానికి ఎర్కలేదు" అని ఆయన అన్నారు. తండ్రి చేయి పట్టుకుంటాడన్న ధీమా గురించి అడిగితే, దిగుడులో తండ్రి చేతులే తన మాట వినవని, ఆ క్షణంలో మనిషి ముందున్న ఇనుప కడ్డీనే పట్టుకుంటాడని చెప్పి, ఆ మూటను అలాగే ఉంచి బండిని పంపమన్నారు. బండి తిరిగి వచ్చేసరికి ఇసుక మూట సీటులో లేదు. మొదటి దిగుడు కింద, గడ్డిలో, పగిలి పడి ఉంది. ఆ ఇసుకను నేను ఒక్కణ్ణే ఊడ్చి ఎత్తాను. ఆ రోజు తరవాత ఆరేళ్ళలో కర్ర దగ్గర ఎవరు ఎంత ప్రాధేయపడినా నా మాట మారలేదు. కానీ కాదని చెప్పిన ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చొని, పిల్లవాడి కళ్ళలోకి చూస్తూ, వాడికే కారణం చెప్పడం అలవాటు చేసుకున్నాను. పెద్దవాళ్ళ కంటే పిల్లలే ఆ కారణాన్ని త్వరగా అర్థం చేసుకునేవారు.

మీరు ఎప్పుడైనా అలాంటి సీటులో కూర్చున్నప్పుడు ఆపరేటరు వచ్చి కడ్డీని పైకి లాగి చూస్తాడు. చాలామంది ఆ సమయంలో కడ్డీ మీద చేతులు బిగించి, ఒళ్ళో సంచి పెట్టుకొని, ఫోను పట్టుకొని ఉంటారు. చేతులు రెండూ పైకెత్తి కూర్చుంటే తాళం పడిందో లేదో, కడ్డీకీ శరీరానికీ నడుమ ఏమైనా అడ్డు ఉందో అతనికి ఒక్క చూపులో తెలుస్తుంది. ఎండలో, ఒక్కొక్క ఆటకు పన్నెండు మందిని, రోజుకు ఎన్నో వందల కడ్డీలను లాగి చూసే మనిషికి ఆ చిన్న సాయం ఎంత విలువైనదో నాకు తెలుసు.

జెయింట్ వీల్ మీద నన్ను పెట్టింది రెండో ఏడాది. ఎదురెదురు డబ్బాలను నింపడం ఎందుకో అప్పుడు తెలిసింది. ఒక వైపు బరువంతా చేరితే మోటారు ఆ వైపును పైకి ఎత్తడానికి ఆయాసపడుతుంది, అదే వైపు కిందికి దిగేటప్పుడు బరువే చక్రాన్ని తోసుకుపోతుంది, కావలసిన చోట ఆపడం బ్రేకులకు కష్టమవుతుంది. కనుక వచ్చిన జనాన్ని కంటితోనే తూచడం ఆపరేటరు మొదటి విద్య. లావుపాటి మగవాళ్ళు నలుగురు ఒక డబ్బాలో ఎక్కితే, వాళ్ళకు ఎదురు డబ్బాలోకి కాలేజీ పిల్లలు నలుగురు సరిపోరు. వరుసలో వెనకున్నవాళ్ళను ముందు పిలిచినందుకు గొడవలు జరిగేవి. నుమాయిష్‌లో ఆ మనిషిని కూడా జనం తిట్టడం నేను చూశాను, అతను మారు మాట్లాడకుండా తన లెక్క తాను చూసుకునేవాడు. తరవాతి కాలంలో ఈ చక్రానికి మూలపురుషుడైన ఫెర్రిస్ గురించి చదివాను. వంతెనల నిర్మాణంలో ఉక్కును పరీక్షించే ఇంజనీరు ఆయన. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన కట్టిన చక్రం 264 అడుగుల ఎత్తు, 36 డబ్బాలు, ఒక్కొక్క దానిలో 60 మంది. దానిని తిప్పడానికి వెయ్యి గుర్రాల శక్తి గల ఆవిరి ఇంజను ఒకటి చాలు, కానీ అంతే శక్తి గల రెండో ఇంజనును కూడా ఆయన పక్కన సిద్ధంగా ఉంచారట. ఆ వాక్యం చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను, ఎందుకంటే ఆ రెండో ఇంజను విలువ ఏమిటో అప్పటికే ఒక రాత్రి నాకు తెలిసివచ్చింది.

అది మే నెల. ఆ ఏళ్ళలో వేసవి కరెంటు కోతలు మామూలే, కోత పడిన నిమిషంలోపు మా జనరేటరు అందుకునేది. ఆ రాత్రి ఎనిమిది గంటలకు కరెంటు పోయింది, జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చక్రం మీద నలభై మందికి పైగా ఉన్నారు. చీకటిలో మొదట ఒక నిశ్శబ్దం, ఆ వెంటనే పైనుంచి ఏడుపులు, పేర్లు పెట్టి పిలుపులు. మేస్త్రి గారు లాంతరు పట్టుకొని వచ్చి చేసిన మొదటి పని యంత్రం ముట్టుకోవడం కాదు. ఆ వెలుగును తన ముఖం మీదికి పట్టుకొని, అందరికీ కనిపించేలా నిలబడి, "అమ్మా, అయ్యా, మేం కిందనే ఉన్నం, ఎక్కడికీ పోం, డబ్బాలు ఊపకుంట కూసోండ్రి" అని గొంతెత్తి చెప్పారు. మనిషి ముఖం కనిపించగానే పైనున్న అలజడి సగం తగ్గింది. ఆ తరవాత మోటారు షాఫ్టుకు చేతి పిడి తగిలించి, ఒకరు బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతుంటే ఇద్దరం తిప్పాము. దించే వరుస కూడా ఎక్కించిన వరుసే: ఒక డబ్బా ఖాళీ చేసి, సగం చుట్టు తిప్పి, ఎదురు డబ్బా ఖాళీ చేయాలి. తొందరపడి వరుసగా దించేస్తే మిగిలిన బరువంతా ఒకవైపు చేరి చక్రం మా చేతుల్లో నిలవదు. కింది డబ్బాలోని పెద్దమనిషి ఒకరు తమను ముందు దించమని పట్టుబట్టినా, మేస్త్రి గారు ఆయనకు నమస్కారం పెట్టి, పైన చిక్కుకున్న ఒక ముసలావిడ వైపు చక్రాన్ని తిప్పించారు. చివరి మనిషి దిగేసరికి యాభై నిమిషాలు పట్టింది. నా అరచేతుల తోలు ఊడిపోయింది. ఆ ముసలావిడ వెళ్ళకుండా అంతసేపూ బల్ల మీద కూర్చొని ఉండి, మా ఇద్దరి చేతులనూ తన కొంగుతో తుడిచి వెళ్ళింది. తరవాతి వారమే రెండో జనరేటరు వచ్చింది. దాని కోసం మేస్త్రి గారు ఏడాదిగా అడుగుతూనే ఉన్నారు.

నీళ్ళ వైపు నా డ్యూటీ వేసవుల్లో మాత్రమే పడేది, అక్కడి మనుషుల శ్రమ మా కంటే ఎక్కువ. వేవ్ పూల్ గోడ వెనక పెద్ద గదులు ఉంటాయి, వాటిలోకి బ్లోయర్లు గాలిని విడతలుగా కొట్టి వదిలితే లోపలి నీరు కిందికి అణిగి బయటికి అలగా తోసుకువస్తుంది. సైరను మోగాక అలలు మొదలవుతాయి, కాసేపటికి ఆపి నీటిని కుదుటపడనిస్తారు. ఆ విరామం యంత్రం కోసం ఎంత అవసరమో, గట్టు మీద నిలబడిన లైఫ్‌గార్డుల కళ్ళ కోసం అంతకంటే ఎక్కువ అవసరం. మునిగిపోతున్న మనిషి చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని అందరూ అనుకుంటారు. నిజానికి ఊపిరి అందని మనిషికి కేక వేసే శక్తి ఉండదు, మునగడం నిశ్శబ్దంగా జరుగుతుంది. కేరింతలు కొడుతున్న వందమందిలో శబ్దం చేయని ఒక్కరిని వెతకడమే లైఫ్‌గార్డు పని. అందుకని పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగేది ఒకటే: గట్టు మీద మనుషులు ఉన్నారు కదా అని వదిలేయకుండా, మీ బిడ్డకు చేతికి అందేంత దూరంలో మీరే ఉండండి.

నైలాను బట్టలు వేసుకుంటేనే నీటిలోకి రానివ్వడం మా అందరికీ ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టిన నియమం. పార్కు వాళ్ళు బట్టల అద్దె కోసం పెట్టిన నియమమని చాలామంది అనేవారు. రాత్రి పంప్ హౌస్‌లో ఇసుక ఫిల్టర్లలోకి నీటిని ఎదురు దిశలో పంపి కడిగేటప్పుడు చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. ఒక్క ఆదివారం జనం నుంచి వచ్చిన నూలు పోగులు జాలిబుట్టల్లో తడి దూది ఉండలుగా పేరుకొనేవి. అవి అడ్డుపడితే నీరు తిరగదు, నీరు తిరగకపోతే క్లోరిన్ అన్ని మూలలకూ అందదు. చీర, చున్నీ, లుంగీ స్లైడుల్లో దిగేటప్పుడు మనిషికే చుట్టుకుంటాయి. నీటి దగ్గర కళ్ళు మండించే ఘాటైన వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకోవడం కూడా పొరపాటే. చెమట, మూత్రం కలిసి క్లోరిన్‌ను తినేసినప్పుడు పుట్టే పదార్థాల వాసన అది. నీటిలో దిగే ముందు షవరు కింద ఒక నిమిషం నిలబడమని బోర్డు పెట్టేది ఇందుకే, ఆ ఒక్క నిమిషం మీ తరవాత దిగే పసిపిల్లల కళ్ళను కాపాడుతుంది.

ఆ జాలిబుట్టల్లో నూలు పోగులతో పాటు ప్రతి రాత్రీ బొట్టుబిళ్ళలు, పిన్నులు, పిల్లల మొలతాళ్ళు, అప్పుడప్పుడు ఉంగరాలు దొరికేవి. దొరికిన ప్రతిదీ రిజిస్టరులో రాసి కవరులో వేసి పెట్టాలని పంప్ హౌస్‌లో పనిచేసే ఒడియా కుర్రవాడు పట్టుదలగా ఉండేవాడు. ఒకసారి ఒక ఇల్లాలు నల్లపూసల దండతో సహా పుస్తెలు పోగొట్టుకొని, పూల్ అంతా వెతికించినా దొరకక ఏడుస్తూ వెళ్ళిపోయింది. పదకొండు రోజుల తరవాత, ఫిల్టరు పూర్తిగా విప్పి ఇసుక మార్చే పనిలో, ఆ కుర్రవాడి చేతికి ఒక పుస్తె, ఇంకొంత లోతున రెండోది దొరికాయి. ఆవిడ ఊరు సూర్యాపేట దగ్గర. ఫోను చేసిన మరునాడే భర్తతో వచ్చింది. పూసలు దొరకలేదని మేము నొచ్చుకుంటుంటే, ఆవిడ ఆ రెండు పుస్తెలనూ కళ్ళకద్దుకొని, కొత్త పసుపుతాడు వెంట తెచ్చుకుందేమో, అక్కడే మెట్ల మీద కూర్చొని కట్టించుకుంది. డబ్బు ఇవ్వబోతే ఆ కుర్రవాడు తీసుకోలేదు. నీళ్ళలోకి దిగేవాళ్ళు నగలు ఇంట్లోనో లాకరులోనో పెట్టుకోవాలని నేను ఇప్పటికీ కనిపించిన వాళ్ళందరికీ చెబుతాను, ఎందుకంటే అంత నిజాయితీ గల చేయి ఉన్నా ఫిల్టరు నుంచి అన్నీ తిరిగి రావు.

పండుగ అందరికీ సెలవైతే మాకు అన్నిటికంటే బరువైన డ్యూటీ. ఆరు సంక్రాంతులూ, ఏడు దసరాలూ నేను ప్లాట్‌ఫారం మీదే గడిపాను. ప్లాట్‌ఫారం మీద కుర్చీ ఉండేది కాదు, కూర్చున్న మనిషి చూపు సడలుతుందని మేస్త్రి గారి నమ్మకం. చేతులు లోపల పెట్టుకోమని తెలుగులో, హిందీలో రోజుకు కొన్ని వందలసార్లు చెప్పి సాయంత్రానికి గొంతు పూడుకుపోయేది. మెస్సులో పెట్టిన అన్నం, పప్పుచారు తిని మళ్ళీ పరుగెత్తేవాళ్ళం. పాఠశాలల విహారయాత్రలు బాలల దినోత్సవం దాటాక మొదలై జనవరి దాకా సాగేవి, ఆ నెలల్లో పనిదినాలు కూడా ఆదివారాల్లాగే ఉండేవి. అవి తప్పిస్తే వారం నడుమ వచ్చినవాళ్ళు మాతో తీరిగ్గా మాట్లాడి, రెండింతలు ఆటలు ఆడి వెళ్ళేవారు. గేటు తెరవగానే అందరూ మొదట కనిపించిన రైడు దగ్గర బారులు తీరుతారు. నేరుగా చివరి మూలకు నడిచి అక్కడి నుంచి వెనక్కి వచ్చిన కుటుంబాలు మధ్యాహ్నానికల్లా సగం పార్కు చూసేసేవి. తిండి పన్నెండులోపు, లేదా మూడు దాటాక. తిన్న వెంటనే తిరిగే రైడు ఎక్కిన పిల్లల బట్టలు కడగడానికి మేము సాయపడిన రోజులకు లెక్కలేదు.

మేస్త్రి గారు 2004లో పని మానేసి పాలమూరు వెళ్ళిపోయారు. వెళ్ళే రోజున ఆ పొడవాటి స్క్రూడ్రైవరును నాకు ఇచ్చారు. పిడి దగ్గర ఆయన చెవి వెనక ఆనుకున్న చోట చెక్క నల్లగా నున్నబడి ఉంది. మరుసటి ఏడాది నేను కూడా ఒక కర్మాగారంలో నిర్వహణ విభాగానికి మారాను. ఆ పరికరం ఇప్పటికీ నా టూల్ బాక్సులోనే ఉంది.

2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలో వండర్లా పార్కు తెరిచాక, మా అమ్మాయికి తగినంత ఎత్తు వచ్చేదాకా ఆగి, ఒక బుధవారం తీసుకువెళ్ళాను. గేటు తెరవడానికి గంట ముందే చేరుకున్నాము. ఇంత తొందరగా ఎందుకు వచ్చామని తను అడుగుతుండగానే గోడ అవతల నుంచి ఒక ఖాళీ బండి పట్టాల మీద పరుగెత్తిన శబ్దం వినిపించింది. ఒక్క కేక కూడా లేదు. చక్రాలు, మలుపు, మళ్ళీ చక్రాలు, చివర బ్రేకు. నేను చేయి ఎత్తగానే తను మాట ఆపి నాతో పాటు విన్నది. మధ్యాహ్నం మేమిద్దరం ఒక రైడులో కూర్చున్నప్పుడు, ఇరవై ఏళ్ళు నిండీ నిండని ఆపరేటరు ఒక్కొక్క సీటు దగ్గర ఆగుతూ, లాగి చూస్తూ మా వైపు వచ్చాడు. అతను అడగక ముందే నేను రెండు చేతులూ పైకెత్తాను. అమ్మాయి నా వంక చూసి తన చేతులూ ఎత్తింది. అతను మా కడ్డీని ఒకసారి లాగి, ఎందుకో ఆగి, మళ్ళీ ఒకసారి లాగి చూసి, ముందు వరుసకు నడిచాడు.